రాత పోవాలి, ఇటుక మిగలాలి: ఒక పాత బడి గోడ కేస్ స్టడీ

పాత కట్టడాల మరమ్మతు నా వృత్తి. చేసిన పనుల్లో కొన్నిటిని వివరంగా రాసి పెట్టుకుంటాను. ఈ కేసు రాయడానికి ఒక కారణం ఉంది. ఈ గోడకు రంగు చేసిన నష్టం కంటే, రంగు పోగొట్టాలన్న తొందర చేసిన నష్టమే ఎక్కువ. అందులో కొంత నా చేతి మీదుగా కూడా జరిగింది. ఊరు, బడి, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టే వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చాను.

గోడ సంగతి

గోదావరి డెల్టాలో ఒక పట్టణం. బస్టాండుకు వెళ్లే దారిలో వందేళ్లు దాటిన ప్రభుత్వ బడి. దాని పడమటి గోడ నేరుగా రోడ్డు మీదికే ఉంటుంది, మధ్యలో ప్రహరీ లేదు. కట్టినప్పటి నుంచీ ప్లాస్టింగ్ చేయకుండా ఎర్ర ఇటుకలు కనిపించేలా వదిలేసిన గోడ. కిటికీల మీద ఇటుకల కమానులు, ఇటుకల మధ్య సన్నటి సందులు, వాటిలో గానుగ సున్నం.

ఇలాంటి గోడ గురించి రెండు విషయాలు తెలియకుండా దాని మీద చెయ్యి వేయకూడదు. మొదటిది ఇటుక పైపొర. బట్టీలో కాలేటప్పుడు ఇటుక పైభాగం లోపలి కంటే గట్టిపడుతుంది. కొద్ది మిల్లీమీటర్ల ఆ పొరే వానను, ఎండను, గాలిలో కొట్టుకొచ్చే ఇసుకను తట్టుకుంటుంది. అది పోతే మళ్లీ రాదు. లోపలి మెత్తటి భాగం నీళ్లు పీల్చుకుని పొడిపొడిగా రాలడం మొదలవుతుంది. రెండోది సున్నం. సందుల్లో ఉన్న సున్నం ఇటుక కంటే మెత్తగా ఉంటుంది, అలా ఉండాలి కూడా. నేలలోంచి గోడలోకి ఎక్కిన చెమ్మ ఎక్కువగా ఈ సందుల్లోంచే ఆరిపోతుంది.

నాతో పనిచేసే మేస్త్రికి అరవై దాటాయి. సున్నం పని ఆయన తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. గోడను మొదటిసారి అరచేత్తో తడిమి చూసి, "ఇది గీకే గోడ కాదండి బాబూ, దీనికి చర్మం ఉంది" అన్నాడు. తర్వాత తొమ్మిది వారాలు మేం తీసుకున్న ప్రతి నిర్ణయం ఆ మాట దగ్గరికే వచ్చింది.

ఏమేం రాశారు, ఎవరేం చేశారు

గోడ మీద నాలుగు రకాల రాతలున్నాయి. అన్నిటికంటే పాతది ఒక ఎన్నికల నినాదం. నల్ల ఎనామిల్ రంగుతో, అడుగు ఎత్తు అక్షరాలు. దాని మీద ఎర్రటి రంగు మడులు. ఎన్నికలు ప్రకటించాక ప్రభుత్వ ఆస్తుల మీది రాతల్ని 24 గంటల్లో, బస్టాండ్ల లాంటి బహిరంగ స్థలాల్లో 48 గంటల్లో, ప్రైవేటు ఆస్తుల మీద అనుమతి లేనివాటిని 72 గంటల్లో తీసేయాలని ఎన్నికల సంఘం నిబంధన. నిబంధన మంచిదే. కానీ ఒక్క రోజులో పట్టణమంతా తిరగాల్సిన కూలీలు బకెట్టు, కుంచె పట్టుకుని వస్తారు. వాళ్ల చేతిలో ఉన్న పద్ధతి ఒక్కటే, రాత మీద ఇంకో రంగు వేయడం. ప్లాస్టింగ్ చేసి సున్నం కొట్టిన గోడకు అది సరిపోతుంది. ఇటుక కనిపించే గోడకు మాత్రం అది రెండో మచ్చ.

మూడోది స్ప్రే పెయింట్. నీలం, వెండి రంగుల్లో పేర్లు, గుండె బొమ్మలు. కొన్ని నెలల కిందటివి. నాలుగోది తలుపు పక్కన పర్మనెంట్ మార్కర్‌తో చేసిన సంతకాలు.

ఇక అసలు నన్ను కలవరపెట్టినవి రెండు చోట్లు. నేను రాకముందు ఎవరో పెయింటర్‌ను పిలిచి రాతలు తీయమన్నారు. ఆయన ఒక చోట బాత్రూం యాసిడ్ పోసి వైర్ బ్రష్‌తో రుద్దాడు, ఇంకో అక్షరం మీద గ్రైండర్ పెట్టాడు. యాసిడ్ పోసిన చోట ఎనామిల్ రంగు చెక్కుచెదరలేదు. సందుల్లోని సున్నాన్ని మాత్రం యాసిడ్ బుసబుసా పొంగించి వేలు దూరేంత లోతుకు తినేసింది. గ్రైండర్ పెట్టిన చోట నల్ల రంగు పోయింది, దానితో పాటు ఇటుక పైపొరా పోయింది. అయినా అక్షరం పోలేదు. ఇంతకుముందు నల్లగా కనిపించిన అక్షరం ఇప్పుడు గోడలో చెక్కినట్టు కనిపిస్తోంది.

హెడ్మాస్టరు గారు అడిగింది సూటిగానే ఉంది. పూర్వ విద్యార్థుల సమావేశానికి ఆరు వారాలుంది. ఈలోపు గోడ శుభ్రం కావాలి, లేదంటే మొత్తానికీ ఎర్ర ఎక్స్‌టీరియర్ పెయింట్ కొట్టించేస్తాం.

నేను వెంటనే కాదనలేదు. ఆయన్ని గోడ దగ్గరికి తీసుకెళ్లి బాగున్న ఇటుక మీద నాలుగు చుక్కల నీళ్లు వేశాను. చుక్కలు కాసేపు నిలబడి మెల్లగా ఇంకాయి. గ్రైండర్ పెట్టిన ఇటుక మీద వేస్తే బ్లాటింగ్ పేపర్ మీద పడ్డట్టు మాయమయ్యాయి. "మాస్టారూ, ఈ ఇటుక ఇకనుంచి ప్రతి వానకీ ఇలాగే తాగుతుంది. గోడంతా ప్లాస్టిక్ రంగు వేస్తే లోపలికి వెళ్లిన చెమ్మ బయటికి రాలేదు. రంగు వెనకాల ఉప్పు గడ్డకట్టి రంగుతో పాటు ఇటుకనూ పెచ్చులుగా ఊడదీస్తుంది" అని చెప్పాను. ఆయన ఇంకోసారి నీళ్లు తెప్పించి తనే చుక్కలు వేసి చూశారు. పెయింట్ ఆలోచన ఆ రోజుతో ఆగిపోయింది. నేను గంటసేపు చెప్పినా రాని నమ్మకం ఆ చుక్కలతో వచ్చింది.

ముందు రంగును గుర్తుపట్టడం

రంగు ఏ రకమో తెలియకుండా మందు ఎంచుకోలేం. వాన నీళ్ల పైపు వెనకాల, రోడ్డు మీదికి కనపడని చోట, అరచేయంత గళ్లు గీసుకున్నాం. దూది చుట్టిన పుల్లలతో నీళ్లు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్, అసిటోన్, థిన్నర్ ఒక్కొక్కటీ ఒక నిమిషం చొప్పున ఆనించి చూశాం. ఎర్ర మడి గోరువెచ్చని నీళ్లకే దూదికి అంటింది, అంటే చవక డిస్టెంపర్. మార్కర్ ఆల్కహాల్‌కు వెంటనే కరిగి కారింది. స్ప్రే అసిటోన్‌కు ఉబ్బింది. నల్ల ఎనామిల్ వేటికీ లొంగలేదు, థిన్నర్‌కు కాస్త జిగురు తేలింది అంతే. ఎనామిల్ ఆరడమంటే గాలిలో ఆక్సిజన్ పీల్చుకుని గట్టిపడటం. ఏళ్లు గడిచేకొద్దీ అది మొండికేస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. ప్రతి గడినీ మూడు నాలుగు రోజులు పూర్తిగా ఆరనిచ్చాకే ఫలితం రాసుకున్నాం. తడి ఇటుక ముదురు రంగులో ఉంటుంది కాబట్టి మచ్చ నీడను దాచేస్తుంది. సాయంత్రం తడిగా ఉన్నప్పుడు చూసి "పోయింది" అనుకున్నవి రెండు గళ్లు ఆరాక మళ్లీ తేలాయి.

పనికిరానివి

ఇసుక బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో గోడకు ఇసుక కొట్టి రంగు లేపడం, చేస్తామని ఒక కాంట్రాక్టరు వచ్చాడు. ఒక్క రోజులో అయిపోతుందన్నాడు. అది నిజమే. గ్రైండర్ రెండు అడుగుల్లో చేసిన పనిని ఇసుక గోడంతా చేస్తుంది. వద్దన్నాం.

కాస్టిక్ సోడా సంగతి వేరు, దాని మీద నేను ఒక రాత్రంతా ఆలోచించాను. ఎనామిల్ రంగులో నూనె ఉంటుంది, కాస్టిక్ దాన్ని సబ్బుగా మార్చేస్తుంది. రంగు వరకూ చూస్తే చవకైన, బలమైన మందు. కానీ ఇటుక రంధ్రాల్లోకి దిగిన సోడియం ఎంత కడిగినా పూర్తిగా రాదు. చెమ్మతో కలిసి పైకి తేలి తెల్లటి ఉప్పుగా పూస్తుంది. డెల్టా నేలలో గోడలోకి ఎక్కే ఉప్పు ఎలాగూ ఉంది, దానికి మనం ఇంకొంత కలపడం నాకు ఇష్టం లేకపోయింది.

అసిటోన్ నా తప్పు. పరీక్ష గడిలో స్ప్రే రంగు ఉబ్బి దూదికి వచ్చింది కదా అని రెండు ఇటుకల మీద గుడ్డతో తుడిచాను. రంగు పలచబడింది, గుడ్డకు కొంత వచ్చింది, మిగతాది ఇటుకలోకి దిగింది. అసిటోన్ క్షణాల్లో ఆవిరవుతుంది. కరిగిన రంగును రంధ్రాల్లోకి మోసుకెళ్లి అక్కడే వదిలేసి పోతుంది. సన్నటి నీలం గీత ఉన్న చోట అరచేయంత నీలి మబ్బు మిగిలింది. మూడో ఇటుక ముట్టకుండా ఆపేశాను. పల్చగా ఉండి త్వరగా ఆరిపోయే ద్రవం ఏదైనా నీళ్లు పీల్చే గోడ మీద ఇలాగే చేస్తుంది. ఈ విషయం నాకు ముందే తెలుసు. పరీక్ష గడిలో వచ్చిన చిన్న ఫలితం చూసి తెలిసినదాన్ని పక్కన పెట్టాను.

బజార్లో దొరికే రంగు రిమూవర్ కూడా ఒక గడిలో చూశాం. ఇలాంటి వాటిలో చాలావరకు డైక్లోరోమీథేన్ ఉంటుంది. అది దాదాపు 40 డిగ్రీలకే మరుగుతుంది. మధ్యాహ్నం ఎండకు కాలిన పడమటి గోడ మీద రాస్తే రంగు మెత్తబడేలోపే ఆరిపోయింది. దాని ఆవిరి పీలిస్తే ఒంట్లో కార్బన్ మోనాక్సైడ్ తయారవుతుంది. అమెరికాలో ఇళ్లలో వాడే రిమూవర్లలో దీన్ని 2019లో నిషేధించారు. కిటికీకి అవతల ఐదో తరగతి పిల్లలు కూర్చున్నారు. ఆ డబ్బా అదే రోజు వెనక్కి పంపేశాం.

ఆవిరి మెషిన్ సగం పనిచేసింది. డిస్టెంపర్ మడులు వేడికి, తాటినార బ్రష్‌కు చక్కగా వచ్చేశాయి. ఎనామిల్ కదల్లేదు. నాజిల్ గోడకు మరీ దగ్గరగా వెళ్లిన ఒక చోట సున్నం రాలడం మేస్త్రి చూసి అరిచాడు. అప్పటినుంచి ఒక జానెడు దూరం తప్పనిసరి చేశాం.

పనికొచ్చింది

ఎనామిల్‌కు చివరికి పనిచేసింది బెంజైల్ ఆల్కహాల్ ఉన్న నీటి ఆధారిత జెల్. నగరం నుంచి తెప్పించాం. ఖరీదు ఎక్కువ, పని నెమ్మది. ఆ నెమ్మదే మాకు కావాల్సింది. జెల్ చిక్కగా ఉంటుంది కాబట్టి ఇటుకలోకి పరిగెత్తదు, పైన నిలబడి రంగునే పట్టుకుంటుంది. త్వరగా ఆవిరి కాదు కాబట్టి మన ఎండలకు తట్టుకుంటుంది.

పని వేళలు కూడా మార్చుకున్నాం. సాయంత్రం గోడ చల్లబడ్డాక రాత ఉన్నంత మేర మూడు మిల్లీమీటర్ల మందాన జెల్ పట్టించి, పైన పాలిథిన్ షీటు కప్పేవాళ్లం. పొద్దున ఆరింటికి షీటు తీస్తే రంగు ముడతలు పడి ఉండేది. దాన్ని వెదురు బద్దలతో ఎత్తేవాళ్లం. ఇనుప పనిముట్టు ఏదీ ఆ గోడ దగ్గరికి రానివ్వలేదు. పదకొండుకల్లా పని బంద్.

జెల్‌తో పైరంగు పోయింది, రంధ్రాల్లో దిగింది మాత్రం బూడిద రంగు నీడగా మిగిలింది. దానికి పట్టు వేశాం. జెల్‌ను ముల్తానీ మట్టితో ముద్దగా కలిపి గోడకు అద్ది, ఈసారి కప్పకుండా ఆరనివ్వాలి. ఆరుతున్న మట్టి లోపలి తడిని తనవైపు లాగుతుంది, ఆ తడితో పాటు కరిగిన రంగూ మట్టిలోకి వస్తుంది. మందును లోపలికి తోయడానికి, లోపలున్నదాన్ని బయటికి లాగడానికి ఉన్న తేడా ఇదే. అసిటోన్ నన్ను దెబ్బతీసింది ఈ చోటే. మొదటి పట్టు తీసినప్పుడు ఇటుక గరుకుల్లో మట్టి ఇరుక్కుని తెల్లగా కనిపించింది. రెండోసారి నుంచి గోడకు, మట్టికి మధ్య పల్చటి నూలు గుడ్డ తడిపి వేశాం. గుడ్డతో పాటే పట్టు మొత్తం ఊడి వచ్చింది.

స్ప్రే రాతలకు జెల్ నలభై నిమిషాలు చాలింది, తర్వాత రెండు పట్లు. మార్కర్ సంతకాలను తుడవలేదు. ఆల్కహాల్‌లో తడిపిన కాగితపు గుజ్జు అద్ది వదిలేస్తే రంగు గుజ్జులోకి వచ్చేసింది.

కడగడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. బడి బోరు నీళ్లు నాలుకకే ఉప్పగా ఉన్నాయి. తాగునీళ్ల కోసం ఇళ్లలో వాడే, నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటర్ పెడితే రెండు వేలు దాటి చూపించింది. ఆ నీళ్లతో కడిగితే గోడకు రోజూ ఉప్పు పట్టించినట్టే. మున్సిపల్ కుళాయి నీళ్లు డ్రమ్ముల్లో పట్టుకున్నాం. ప్రెషర్ పంపు వాడలేదు, తోటకు నీళ్లు పెట్టే పైపు, తాటినార బ్రష్, గోరువెచ్చని నీళ్లు అంతే. కింది వరసలు ముందు తడిపి, తర్వాతే పైన కడిగేవాళ్లం. పొడి ఇటుక మీదికి మురికి నీళ్లు కారితే చారలు పీల్చుకుంటుంది, తడిసి ఉంటే జారిపోతుంది. గోడ మొదట్లో పాలిథిన్ పరిచి ఇసుక బస్తాలు అడ్డుపెట్టి ఆ నీళ్లన్నీ పట్టాం. పక్కన మురుగు కాలువ పంట కాలువలో కలుస్తుంది. రంగు, మందు కలిసిన నీళ్లు అందులోకి వదలడం కుదరదు.

గ్రైండర్, యాసిడ్ గాయాలకు వేరే చికిత్స. యాసిడ్ సున్నంతో కలిస్తే కాల్షియం క్లోరైడ్ అవుతుంది, అది గాలిలోని తేమను కూడా లాక్కుంటుంది. అందుకని ముందు మంచినీళ్లలో తడిపిన కాగితపు గుజ్జు అద్ది, ఆరాక తీసి, అలా మూడు సార్లు ఉప్పు లాగాం. తర్వాత తినేసిన సందుల్ని సున్నం, ఇసుకతో నింపాం. సిమెంటు వాడితే పని ఒక రోజులో అయ్యేది. గట్టి సిమెంటు సందుల్ని మూసేస్తే చెమ్మ ఇటుకలోంచే బయటికి రావాలి, అప్పుడు రాలేది ఇటుకే.

పైపొర పోయిన ఆరు ఇటుకల విషయంలో మేస్త్రి ఆలోచన నాకు తట్టలేదు. "తిరగేద్దామండి" అన్నాడు. సున్నం కట్టుబడి కాబట్టి సందులు జాగ్రత్తగా తొలిస్తే ఇటుక పగలకుండా బయటికి వస్తుంది. వాటి వెనక ముఖం వందేళ్లుగా ఎండ చూడలేదు, గట్టిగా ఉంది. ఆరింటిలో నాలుగు క్షేమంగా వచ్చాయి, తిప్పి పెట్టాం. రెండు విరిగాయి. ఆవరణలోనే కూలిపోయిన పాత వంటశాల గోడలోంచి అదే కొలత ఇటుకలు తెచ్చి వేశాం.

ఎక్కడ ఆపాలి

ఎనిమిదో వారానికి రంగు దాదాపు పోయింది. కానీ శుభ్రమైన చోట ఇటుక చుట్టుపక్కల కంటే లేత రంగులో ఉంది. వందేళ్ల దుమ్ము కూడా రంగుతో పాటు పోయింది కదా. రోడ్డు అవతల నుంచి చూస్తే నినాదం లేత అక్షరాల్లో మళ్లీ చదవొచ్చు. అందుకని ఒక స్తంభం నుంచి ఇంకో స్తంభం దాకా మిగతా గోడను ఉత్త గోరువెచ్చని నీళ్లతో, బ్రష్‌తో కడిగి తేడాను కలిపేశాం. ఈ పని నా మొదటి అంచనాలో లేదు. ఉండాల్సింది.

అప్పటికీ రెండు మూడు అక్షరాల నీడ, నా అసిటోన్ నీలం మిగిలే ఉన్నాయి. సమావేశం తేదీ దాటిపోయింది. అందుకు హెడ్మాస్టరు గారు మాట పడ్డారని నాకు తర్వాత తెలిసింది. ఆయన "ఇంకో రెండు సార్లు వేస్తే పోదా?" అని అడిగారు. పోవచ్చు. కానీ నాలుగో పట్టు తీసినప్పుడు గుడ్డకు ఎర్రటి పొడి అంటింది. అంటే రంగు కంటే ముందు ఇటుక రావడం మొదలైంది. నేను ఆ గుడ్డ ఆయనకు చూపించాను. ఇద్దరం రోడ్డు దాటి బస్టాప్ దగ్గర నిలబడి చూశాం. అక్కడి నుంచి నీడ వెతికితే గానీ కనపడలేదు. నీడ మిగిలితే పదేళ్ల తర్వాత మెరుగైన మందుతో ఎవరైనా తీయగలరు. పోయిన పైపొరను ఎవరూ తిరిగి వేయలేరు. అక్కడ ఆపాం.

తర్వాత

రాతలు మళ్లీ రాకుండా పైన ఏదైనా పూత వేయమని అడిగారు. పాలీయురేథేన్ లాంటి శాశ్వత పూత చెమ్మను బంధిస్తుంది కాబట్టి వద్దన్నాను. మైనం లాంటి పూత వేడి నీళ్లతో తీసేయొచ్చు గానీ పడమటెండకు అది మెత్తబడి దుమ్ము పట్టుకుంటుందని నా భయం. పూత లేకుండానే వదిలేశాం. బదులుగా తలుపు మీద ఒక దీపం, ఆఫీసు బీరువాలో అర డబ్బా జెల్, గుడ్డలు, వెదురు బద్దలు, వాడే విధానం రాసిన కాగితం. తాజా రంగు రెండు రోజుల్లోపు తీస్తే గంటల్లో వస్తుంది, రెండేళ్లయితే వారాలు పడుతుంది. లోపలి ఆవరణలో ప్లాస్టింగ్ చేసిన ఒక గోడను బొమ్మలు వేసుకోమని పిల్లలకు ఇచ్చారు. అది హెడ్మాస్టరు గారి ఆలోచన.

మున్సిపల్ ఆఫీసుకు ఒక ఉత్తరం కూడా ఇప్పించాను. ఎన్నికలప్పుడు ఈ గోడ మీద రాత కనపడితే రంగు వేయకుండా బడికి కబురు చేయమని, 24 గంటల్లోపు తీసే బాధ్యత బడిదేనని. మరుసటి ఎన్నికలకు ఒక రాత్రి ఎవరో ఎరుపు రంగులో ఒక గుర్తు గీశారు. పొద్దున్నే కూలీలు వచ్చి కుంచె దించి, లోపలికి వెళ్లి అటెండర్‌ను పిలిచారు. మధ్యాహ్నానికి అది పోయింది.

రెండు వానాకాలాలు అయ్యాక వెళ్లి చూశాను. తిరగేసిన నాలుగు ఇటుకలు ఏవో గుర్తుపట్టడానికి నాకు ఫోటో కావాల్సి వచ్చింది. కొత్తగా నింపిన సున్నం మీద వేలితో రాస్తే పొడి రాలేదు. ఒక్క చోట, వాన నీళ్ల పైపు పక్కన, పైపు పొడవునా జానెడు వెడల్పున తెల్లగా ఉప్పు పూసి ఉంది. పైపు అతుకు కారుతోంది. ఉప్పును పొడి బ్రష్‌తో దులిపించి, పైపు మార్పించమని హెడ్మాస్టరు గారికి రాసిచ్చి వచ్చాను.